కిరాయి తక్కువ ఎవరని కాదు, కాగితం రాసేదెవరని చూడాలి

కళ్లంలో మిర్చి ఎండాక రైతు ముందు రెండు ప్రశ్నలుంటాయి. ధర ఎంత ఉంది? గుంటూరు యార్డుకు ఎలా పంపాలి? మొదటి దాని గురించి రోజూ మాట్లాడుకుంటాం. రెండో దాన్ని లారీ బ్రోకరుకు వదిలేస్తాం.

పెద్ద రైతు లారీ నింపి పంపుతాడు. ఎకరం, రెండెకరాల రైతుకు, కౌలు రైతుకు ఒక్కో కోతకు వచ్చేది ఇరవయ్యో ముప్పయ్యో టిక్కీలు. వాటి కోసం లారీ మొత్తం మాట్లాడుకోలేడు. పదిమంది సరుకుతో కలిపి వేయాల్సిందే. అలా కలిపి లోడు కుదిర్చేవాడే బ్రోకరు. అతణ్ని మనం ఎలా ఎంచుకుంటున్నాం? టిక్కీకి ఐదు రూపాయలు ఎవరు తగ్గిస్తే వాళ్ల దగ్గరికి పోతున్నాం. ఈ పద్ధతి మారాలన్నది నా అభిప్రాయం.

చిన్న లెక్క చూద్దాం. 40 కిలోల టిక్కీలు 30 వేశామనుకోండి. అంటే 12 క్వింటాళ్లు. క్వింటాలు 12 వేల రూపాయలు పలికితే సరుకు విలువ 1,44,000 రూపాయలు. టిక్కీకి 80 రూపాయల చొప్పున కిరాయి 2,400 రూపాయలు. ఐదు రూపాయలు తగ్గించే బ్రోకరు వల్ల మనకు మిగిలేది 150 రూపాయలు. ఒక్క టిక్కీ గల్లంతైతే పోయేది 4,800 రూపాయలు. టార్పాలిన్ సరిగా కట్టక సరుకు తడిస్తే, నెమ్ము తగిలిందని మొత్తం లాటుకే ధర తగ్గిస్తారు.

సరుకు పోతే అడిగే హక్కు మనకు ఉంది. రోడ్డు సరుకు రవాణాకు 2007లో పార్లమెంటు చట్టం చేసింది. అది 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. అందరి సరుకూ కిరాయికి తీసుకుని పంపే రవాణాదారుల్లో బుకింగ్ కంపెనీలనూ ఏజెంట్లనూ బ్రోకర్లనూ కూడా ఆ చట్టం చేర్చింది. వాళ్లు రవాణా ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్టరు చేసుకోవాలి. సరుకు అప్పగించేటప్పుడు మనం వివరాలతో ఫారం ఇవ్వాలి, వాళ్లు రసీదు ఇవ్వాలి. ఎన్ని బస్తాలు, ఎంత తూకం అన్నదానికి ఆ రసీదే ప్రాథమిక సాక్ష్యం. నష్టం జరిగితే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోతుంది.

ఇందులో మనకు తెలియాల్సిన మెలిక ఒకటుంది. ఎక్కువ బాధ్యతకు అదనపు రేటు కడతామని ముందే ఒప్పుకుంటే తప్ప, రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. పై లెక్కలో అది 24 వేలు. సరుకు విలువేమో లక్షా నలభై నాలుగు వేలు. లారీకి ఇన్సూరెన్స్ ఉందిగా అని ధైర్యం చెబుతారు. లారీ ఇన్సూరెన్స్ వేరు, అందులోని సరుకుకు చేయించే ఇన్సూరెన్స్ వేరు. కాబట్టి విలువ రాయించడం, అదనపు రేటు ఎంతో అడగడం, సరుకు ఇన్సూరెన్స్ చేయిస్తారా అని అడగడం లోడు ఎత్తక ముందే జరగాలి.

"మనూరి వాడే, ఇరవై ఏళ్లుగా చూస్తున్నాం, కాగితాలెందుకు?" అనేవాళ్లున్నారు. అతను మంచివాడే కావచ్చు. కానీ లారీ అతనిది కాదు, డ్రైవరు అతని మనిషి కాదు. యార్డులో రెండు టిక్కీలు తగ్గితే బ్రోకరు డ్రైవరును చూపిస్తాడు, డ్రైవరు ముఠా వాళ్లను చూపిస్తాడు, ముఠా వాళ్లు దుకాణాన్ని చూపిస్తారు. చివరికి రైతు బస్సెక్కి ఇంటికొస్తాడు. మంచివాడైన బ్రోకరుకు కాగితం భారం కాదు. అతనికీ అదే రక్షణ.

ఇంకో చిక్కు ఉంది. కొందరు బ్రోకర్లు ఫలానా దుకాణానికే సరుకు దింపుతారు. "కిరాయి ఇప్పుడు ఇవ్వక్కర్లేదు, దుకాణంలో చూసుకుంటారు" అంటారు. చేతిలో డబ్బు లేని సమయంలో అది సాయంలాగే ఉంటుంది. ఆ కిరాయి తక్‌పట్టీలో కోతగా వస్తుంది. ఒప్పుకున్న రేటే కోశారో లేదో సరిచూడటానికి మన దగ్గర కాగితం ఉండదు. సరుకు ఏ కమీషన్ దుకాణంలో దిగాలో చెప్పాల్సింది రైతు. ఆ మాట కాదనే బ్రోకరు మనకు లారీ కుదర్చడం లేదు, దుకాణానికి సరుకు కుదురుస్తున్నాడు.

ప్రాణాల మాట కూడా చెప్పాలి. సరుకు వెంట వెళ్లే రైతును బస్తాల మీద కూర్చోబెట్టి పంపే బ్రోకరు ఎంత తక్కువకు వచ్చినా వద్దు. ప్రమాదం జరిగితే, సరుకు యజమాని క్యాబిన్‌లో ప్రయాణించాడా లేదా అన్నది బీమా పరిహారం దగ్గర పెద్ద ప్రశ్న అవుతుంది. పైన కూర్చున్నవాడి కుటుంబానికి బీమా కంపెనీ మొండిచెయ్యి చూపే ప్రమాదం ఉంది.

"సీజన్‌లో ఇవన్నీ అడిగితే లారీలో చోటే ఇవ్వరు" అంటారు. నిజమే. ముప్పై టిక్కీల రైతు ఒక్కడే అడిగితే బ్రోకరు నవ్వుతాడు. పదిమంది రైతులు మూడు వందల టిక్కీలతో కలిసి అడిగితే కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఎందుకంటే ఆ లోడు పోతే అతని కమీషన్ పోతుంది. సంఘం ఉన్నది ఇందుకే.

కాబట్టి ప్రతి గ్రామ శాఖా కోతలకు ముందే ఒక సమావేశం పెట్టాలి. ఊరికి వచ్చే బ్రోకర్లను పిలిచి అందరి ముందు ఐదు మాటలు అడగాలి. రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? ప్రతి రైతు పేరున బస్తాల లెక్క, తూకం, విలువ, కిరాయి, లారీ నంబరుతో విడి రసీదు ఇస్తావా? మేం చెప్పిన దుకాణంలోనే దింపుతావా? టార్పాలిన్, దారి ఖర్చులు, ఎత్తుడు దింపుడు కూలి ఆ రేటులోనే ఉన్నాయా? టిక్కీ తగ్గితే ఎన్ని రోజుల్లో డబ్బు కడతావు? వీటికి రాతలో జవాబిచ్చినవాడికే ఊరి లోడు ఇవ్వాలి, టిక్కీకి ఐదు రూపాయలు ఎక్కువైనా సరే.

మన వంతు పనీ ఉంది. ప్రతి టిక్కీ మీద చెరగని రంగుతో పేరు, ఊరు, వరుస నంబరు రాయాలి. లోడు ఎత్తేటప్పుడు బస్తాలు, లారీ నంబరు కనిపించేలా ఫోన్‌లో ఫొటో తీయాలి. రసీదును తక్‌పట్టీతో కలిపి దాచాలి.

ఏడాది కష్టం ఒక్క రాత్రి ప్రయాణంలో వేరేవాళ్ల చేతికి ఇస్తున్నాం. ఇచ్చినట్టు ఒక కాగితం ముక్క అడగడానికి మొహమాటం ఎందుకు?