సెకండ్ హ్యాండ్ కారు ఇంజిన్ సీజ్ అయిందా..? విప్పించే ముందు ఇవి చూసుకోండి..!

బయానా ఇచ్చారు.. బండి తెచ్చుకున్నారు.. గుడి దగ్గర పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించారు. నెల తిరక్కుండానే కారు రోడ్డు మధ్యలో ఆగిపోయింది. షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ చెప్పే మాట ఒక్కటే.. "ఇంజిన్ పోయింది, మొత్తం విప్పాలి".

కామారెడ్డి జిల్లా రామారెడ్డి లాంటి మండలాల్లో కొత్త కారు కొనే స్తోమత లేని కుటుంబాలకు పాత కారే దిక్కు. ఆస్పత్రికి పోవాలన్నా, పెళ్లికి పోవాలన్నా, కిరాయికి తిప్పి నాలుగు డబ్బులు సంపాదించాలన్నా అదే ఆధారం. ఉదాహరణకు 3 లక్షలు పెట్టి కొన్న కారుకు ఇంజిన్ పని పేరుతో ఇంకో లక్ష పెట్టాల్సి వస్తే ఆ ఇంటి లెక్క తలకిందులే. మరి ఆ లక్ష ఎవరు భరించాలి..? కొన్నవాళ్లా..? అమ్మినవాళ్లా..?

దీనికి జవాబు రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి, కారు ఎవరి దగ్గర కొన్నారు. రెండు, ఇంజిన్ విప్పక ముందు ఏం ఆధారాలు దాచుకున్నారు. చాలామంది రెండో దగ్గరే నష్టపోతున్నారు.

కామారెడ్డిలో ఇప్పుడే ఎందుకు జాగ్రత్త..?

2025 ఆగస్టు 27.. వినాయక చవితి రోజు. కామారెడ్డి జిల్లాను వాన ముంచెత్తింది. రాజంపేట మండలం ఆర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా వర్షం పడింది. కామారెడ్డి పట్టణంలో కాలనీలు మునిగాయి, కార్లు వరదలో కొట్టుకుపోయాయి. 44వ నంబర్ జాతీయ రహదారిపై రాకపోకలు ఆగిపోయాయి. అంతకు ముందు ఏడాది, 2024 సెప్టెంబర్ మొదట్లో, విజయవాడలో బుడమేరు వరద కూడా వేల వాహనాలను ముంచేసింది.

నీళ్లలో మునిగిన కార్లన్నీ తుక్కుకు పోవు. బీమా సంస్థ 'టోటల్ లాస్' కింద తేల్చిన బండ్లు కూడా వేలంలో చేతులు మారతాయి. వాటిలో కొన్ని కడిగించుకుని, సీటు కవర్లు మార్పించుకుని మళ్లీ రోడ్డెక్కుతాయి. అందుకే వరద వచ్చిన ప్రాంతంలోనే కాదు, దూరంగా ఉన్న ఊళ్లలో కొనేవాళ్లు కూడా అనుమానంతో చూడాల్సిందే.

నీళ్లు ఇంజిన్‌ను ఎలా చంపుతాయంటే..

ఇంజిన్ సిలిండర్‌లో గాలిని పిస్టన్ నొక్కుతుంది. గాలి నలుగుతుంది గానీ నీళ్లు నలగవు. ఎయిర్ ఫిల్టర్ దారిలో నీళ్లు లోపలికి వెళ్లాక స్టార్ట్ చేస్తే ఆ ఒత్తిడికి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కొన్నిసార్లు కొద్దిగా వంగిన రాడ్‌తోనే బండి కొన్నాళ్లు నడుస్తుంది, తర్వాత ఒక రోజు విరిగి ఇంజిన్ బ్లాక్‌నే పగలగొడుతుంది. ఆయిల్‌లో కలిసిన బురద బేరింగులను మెల్లగా అరగదీస్తుంది. వైరింగ్‌లో పట్టిన తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది. అంటే చవితికి మునిగిన కారు సంక్రాంతికి బాగానే నడవొచ్చు. ఉగాదికి ఆగిపోవచ్చు..!

అలాగని ప్రతి ఇంజిన్ ఫెయిల్యూర్‌కూ వరదే కారణం కాదు. ఆయిల్ తగ్గినా చూసుకోకపోతే బేరింగులు పట్టేస్తాయి. కూలెంట్ లీకై ఇంజిన్ వేడెక్కితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్లలో దాన్ని సమయానికి మార్చకపోతే అది తెగి, చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. వీటిలో కొన్ని పాత ఓనర్ పాపాలు, కొన్ని కొన్నాక జరిగిన నిర్లక్ష్యం. ఏది ఏదో తేల్చేది ఇంజిన్ లోపలి పరిస్థితే. అందుకే విప్పే ముందు ఆగాలి అంటున్నది.

బండి ఆగిపోగానే చేయాల్సినవి

ముందు.. మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. ఆయిల్ లైట్ వెలిగినా, టెంపరేచర్ ముల్లు పైకి పోయినా, లోపల కొట్టుకుంటున్న చప్పుడు వచ్చినా వెంటనే ఆపేయాలి. "ఇంటి దాకా పోనిద్దాం" అంటే చిన్న రిపేర్ పెద్దదవుతుంది. పైగా "హెచ్చరిక లైట్ వెలిగినా మీరే నడిపారు" అని అమ్మినవాళ్లు వాదించే అవకాశం దొరుకుతుంది.

తర్వాత ఫోన్ తీయాలి. మీటర్ రీడింగ్, వెలిగిన లైట్లు, డిప్‌స్టిక్‌పై ఆయిల్, ఆయిల్ మూత లోపలి వైపు, కూలెంట్ డబ్బా.. అన్నిటికీ వీడియో తీసి పెట్టుకోవాలి. ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే అందులో నీళ్లో కూలెంటో కలిసిందన్నమాట.

కారును టోయింగ్ చేయించి ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు గానీ, పేరున్న షెడ్డుకు గానీ చేర్చాలి. విప్పే ముందే అమ్మినవాళ్లకు రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లోనైనా కబురు పెట్టాలి. "ఫలానా రోజున ఇంజిన్ విప్పిస్తున్నాం, వచ్చి చూసుకోండి" అని తేదీతో సహా చెప్పాలి. రాకపోయినా పర్వాలేదు, పిలిచిన ఆధారం మిగులుతుంది. విప్పేటప్పుడు వీడియో, పోయిన పార్టులు, కారణం రాసిన జాబ్ కార్డు దాచిపెట్టాలి. పాత పార్టులు షెడ్డులో వదిలేసి వస్తే సగం కేసు అక్కడే వదిలేసినట్టు.

ఎవరి దగ్గర కొన్నారు..? అసలు తేడా ఇక్కడే

పాత కార్లు కొని అమ్మడమే వ్యాపారంగా ఉన్న కన్సల్టెన్సీ, షోరూమ్, ఆన్‌లైన్ కంపెనీ దగ్గర కొంటే వినియోగదారుల రక్షణ చట్టం-2019 అండగా ఉంటుంది. పాత వస్తువు అయినంత మాత్రాన హక్కులు పోవు. అయితే పాత కారు కొత్తదానిలా ఉండాలని ఎవరూ అడగలేరు. వయసుకు తగ్గ అరుగుదల లోపం కాదు. "యాక్సిడెంట్ కాలేదు", "నీళ్లలో మునగలేదు", "ఇంజిన్ పక్కా" అని చెప్పి అమ్మి, అది అబద్ధమని తేలితే మాత్రం గట్టిగా అడగొచ్చు.

స్వయం ఉపాధి కోసం తానే నడుపుకుని బతకడానికి కారు కొన్న డ్రైవర్ కూడా ఈ చట్టం కింద వినియోగదారుడే. "కిరాయికి తిప్పుతున్నావు కాబట్టి కేసు చెల్లదు" అంటే నమ్మాల్సిన పని లేదు.

తెలిసినవాళ్ల దగ్గరో, ఊళ్లో ఓనర్ దగ్గరో నేరుగా కొంటే కథ వేరు. తన సొంత బండి అమ్ముకున్న వ్యక్తి వ్యాపారి కాదు కాబట్టి సాధారణంగా వినియోగదారుల కమిషన్ దారి ఉండదు. అప్పుడు 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద సివిల్ కోర్టుకు వెళ్లాలి. తెలిసీ అబద్ధం చెప్పి అమ్మారని కొన్నవాళ్లే నిరూపించాలి. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే ప్రతిసారీ అది మోసం కిందకు రాదు. అందుకే కొనే ముందు "ఎప్పుడైనా మునిగిందా..? ఇంజిన్ పని చేయించారా..?" అని వాట్సాప్‌లో అడిగి జవాబు తీసుకోవాలి. ఆ ఒక్క మెసేజ్ రేపు లక్ష రూపాయల విలువ చేయొచ్చు.

మీటర్ వెనక్కి తిప్పడం, దొంగ సర్వీస్ రికార్డు చూపించడం లాంటివి బయటపడితే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు పెట్టమని పోలీసులను అడగొచ్చు. ఉత్త ఇంజిన్ ఫెయిల్ అయిందని వెళ్తే మాత్రం "సివిల్ మ్యాటర్" అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

ఊళ్లల్లో పెద్ద మనుషుల పంచాయితీలో తేల్చుకోవడం మామూలే. సగం సగం ఖర్చు పెట్టుకుందామని రాజీ కుదిరితే మంచిదే. కానీ ఆ మాట కాగితం మీద రాయించి, తేదీ వేసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి.

కారు తయారు చేసిన కంపెనీని పట్టుకోవచ్చా..?

చాలామందికి ఈ ఆశ ఉంటుంది. అయితే గోవాకు చెందిన ఒక కేసులో డీలర్ కొత్త కారు అని చెప్పి, అప్పటికే తిరిగిన రెండేళ్ల పాత మోడల్ అంటగట్టాడు. తయారీ సంస్థకు ఆ సంగతి తెలుసని నిరూపణ కానప్పుడు డీలర్ చేసిన దానికి సంస్థను బాధ్యుణ్ని చేయలేమని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే బిల్లు ఎవరి పేరుతో ఉంటే పోరాటం ముందుగా వాళ్లతోనే. బిల్లు లేకుండా నగదు చేతిలో పెట్టి కొంటే ఆ పోరాటం మొదట్లోనే కష్టమవుతుంది.

ఇన్సూరెన్స్ ఇస్తుందా..?

లోపల దానంతటదే పాడైన ఇంజిన్‌కు మామూలు మోటార్ పాలసీ డబ్బులివ్వదు. నీళ్లు చేరి ఇంజిన్ పోతే 'ఇంజిన్ ప్రొటెక్ట్' అనే అదనపు కవర్ ఉందో లేదో చూసుకోవాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆర్సీ మారినా పాలసీ పాత ఓనర్ పేరు మీదే ఉంటే సొంత డ్యామేజీ క్లెయిమ్ తిరస్కరించొచ్చు. కొన్న 14 రోజుల్లోగా బీమా సంస్థకు చెప్పి పాలసీ పేరు మార్పించుకోవాలి. ఆర్సీ మార్పుకు ఫారం 29, 30 అవసరం. ఫైనాన్స్ ఉన్న బండి అయితే కిస్తీలు అయిపోయినట్టు ఫారం 35, ఎన్‌ఓసీ కూడా చూడాలి.

ఫిర్యాదు ఎక్కడ..? ఎంత ఖర్చు..?

మొదట 1915 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్. హైదరాబాద్‌లో కారు కొన్నా సరే, కొన్నవాళ్లు నివసించే ప్రాంతంలోనే కేసు వేసుకునే వీలు చట్టం ఇచ్చింది. ఉమ్మడి జిల్లా కేంద్రం నిజామాబాద్‌లో జిల్లా కమిషన్ ఉంది. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు.

కారుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. 50 లక్షల దాకా జిల్లా కమిషన్ పరిధే. లాయర్ తప్పనిసరి కాదు. గడువు 2 ఏళ్లు. లోపం నిరూపణకు నిపుణుల పరీక్ష అవసరమని కమిషన్ అనుకుంటే దానికి పంపిస్తుంది. అప్పటికి ఇంజిన్ విప్పి, బోరింగ్ చేయించి, పాత పార్టులు అమ్మేసి ఉంటే పరీక్షించడానికి ఏం మిగులుతుంది..? చట్టం ప్రకారం 3 నుంచి 5 నెలల్లో తేలాలి గానీ అంతకంటే ఎక్కువే పట్టొచ్చు. బండి మీదే బతుకు ఉన్నవాళ్లు అన్నాళ్లు ఆగలేరు. అలాంటప్పుడు వీడియోలు, జాబ్ కార్డు, పాత పార్టులు, స్వతంత్ర మెకానిక్ రిపోర్టు దగ్గర పెట్టుకున్నాకే రిపేర్‌కు ఒప్పుకోవాలి.

వేరే దేశాల్లో ఎలా..?

బ్రిటన్‌లో డీలర్ దగ్గర కొన్న పాత కారులో, అమ్మేనాటికే ఉన్న లోపం బయటపడితే 30 రోజుల్లో తిరిగిచ్చేసే హక్కు 2015 చట్టంతో వచ్చింది. అమెరికాలో డీలర్ అమ్మే ప్రతి పాత కారు అద్దానికీ వారంటీ ఉందా, 'ఉన్నది ఉన్నట్టు' అమ్ముతున్నారా అని చెప్పే కాగితం అంటించాలి. అక్కడికి చదువుకోడానికి వెళ్లి మొదటి కారు కొనే తెలుగు విద్యార్థులు ముందు చదవాల్సింది ఆ కాగితమే.

మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి మాత్రం పాత వాహనాల డీలర్లు రిజిస్టరింగ్ అథారిటీ నుంచి 5 ఏళ్లకు చెల్లే ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలన్న కేంద్ర నిబంధన ఉంది. కొనే ముందు "మీ సర్టిఫికెట్ చూపించండి" అని అడగడం కొనేవాళ్ల హక్కు. చూపించకపోతే ఆలోచించుకోవాల్సిందే.

కొనే ముందు అరగంట చాలు

సీట్ బెల్ట్‌ను చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడండి. స్టెప్నీ కింద మట్టి, సీటు పట్టాలకు తుప్పు, లోపల ముక్క వాసన ఉంటే వదిలేయండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి పెట్టారంటే అనుమానించండి. నీలి పొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టు. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందన్నమాట. బండి నంబర్‌తో సర్వీస్ సెంటర్‌లో పాత రికార్డు, పాలసీ నంబర్‌తో బీమా క్లెయిముల చరిత్ర కనుక్కోమని అమ్మేవాళ్లనే అడగండి. సొంత మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్‌ను కాదు..!

అన్నీ బాగున్నాయని తేలాకే బయానా.. అదీ రసీదుతో. మాట మీద కొన్న కారు ఆగిపోతే మిగిలేది మాటే. కాగితం మీద కొన్న కారు ఆగిపోతే అడగడానికి ఒక దారి ఉంటుంది.