ఆ వాక్యం ఎవరితో అన్నది?

విధేయత మీద విన్నన్ని ప్రసంగాలు నేను ఇంకే విషయం మీదా వినలేదు. ఇటు మచిలీపట్నం, అటు గుడివాడ, కింద అవనిగడ్డ, నాగాయలంక దాకా ఏ పేటలో మైకు కట్టినా అదే మాట. లోబడండి. అయ్యగారికి లోబడండి, మొగుడికి లోబడండి, పెద్దలకు లోబడండి, అధికారులకు లోబడండి. విని తలొంచుకుని ఇంటికి పోయేది ఎవరు? నాట్లేసి నడుం పట్టేసిన ఆడకూలీ. చేపల చెరువు గట్టు మీద రాత్రంతా కాపలా కాసిన కుర్రాడు. ఆరు రోజులు ఆసామికి లోబడి, ఇంటికొస్తే ఇంటాయనకు లోబడి, ఆదివారం ఒక్క పూటైనా తలెత్తుకుందామని మందిరానికి వస్తే అక్కడా లోబడమనే చెబుతారు. ఈ మనుషులకా మీరు విధేయత నేర్పేది? తరతరాలుగా వీళ్ల చేత చేయించింది అదొక్కటే కదా!

నేను విశ్వాసిని. బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి, ప్రభుబల్లలో పాలు పొందేవాణ్ణి. కనుక ఈ మాట బయటివాడి నింద అని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. మన వేదికల మీద చెబుతున్న విధేయత బైబిల్లో లేదు. బైబిల్లో ఉన్నది దీనికి తలకిందులు. కాదంటారా? వాదించండి. కానీ పుస్తకం తెరిచి వాదించండి.

మొదటి వాక్యం తీసుకుందాం. బలి అర్పించడం కన్నా మాట వినడమే దేవుడికి ఇష్టమని సమూయేలు ప్రవక్త చెప్పాడు. మొదటి సమూయేలు 15వ అధ్యాయం. కూడికకు రాకపోయినా ఇదే వాక్యం, కమిటీని ప్రశ్నించినా ఇదే వాక్యం. మరి సమూయేలు ఆ మాట ఎవరితో అన్నాడు? పొలం పనికి పోయేవాడితోనా? కాదు, రాజైన సౌలుతో. కొల్లసొమ్ములో మేలైన గొర్రెల్నీ ఎడ్లనీ మిగుల్చుకుని, అడిగితే దేవుడికి బలి ఇవ్వడానికే ఉంచామని సర్దిచెప్పిన రాజుతో. సింహాసనం మీదున్నవాడి మొహాన కొట్టిన మాట అది. దాన్ని తెచ్చి, నేల మీద చాపేసుకు కూర్చున్న ముసలమ్మ మీద విసురుతున్నారు.

రెండోది ఇంకా అరిగిపోయింది. అభిషిక్తుణ్ణి ముట్టకూడదట. సంఘం డబ్బు ఏమైందని అడిగినా, మిషన్ స్థలం లీజు ఎవరి చేతికి పోయిందని అడిగినా ఇదే బెదిరింపు. 105వ కీర్తన తెరవండి. ఆ మాటకు ముందున్న మూడు వచనాలు చదవండి, చాలు. గుప్పెడుమంది మనుషులు. సొంత నేల లేనివాళ్లు. ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరుగుతున్న పరదేశులు. వాళ్ల కోసం దేవుడు రాజుల్ని గద్దించి, వీళ్ల జోలికి పోవద్దన్నాడు. అభిషిక్తులు ఎవరండీ? సెంటు భూమి లేనివాళ్లు. హెచ్చరిక ఎవరికి? రాజులకి. ఆ కీర్తన ప్రకారం మా పేటలో పాక వేసుకున్న కూలివాడే అభిషిక్తుడు. అతని మీద చెయ్యి వేస్తున్నవాళ్లే జాగ్రత్త పడాలి.

దావీదు సౌలు మీద చెయ్యి వెయ్యలేదు కదా అంటారు. వెయ్యలేదు. కానీ గుహలో అతని వస్త్రపు చెంగు కోసి, బయటికి వచ్చి, వెనకనుంచి కేకేసి నిలదీశాడు. దేవుడే నీకూ నాకూ తీర్పు తీరుస్తాడని మొహాన్నే చెప్పాడు. చెయ్యి చేసుకోకపోవడం వేరు, నోరు మూసుకోవడం వేరు. ఈ తేడా తెలిసీ దాచేవాడు కాపరి కాడు.

ఇక కానుక కవరు. ఆ కవరు నేను దగ్గరగా చూశాను. పైన సంఘం పేరు, దాని కింద దశమభాగం తెమ్మనే మలాకీ 3:10, కింద మూడు గీతలు: పేరు, నెల, మొత్తం. రాయడం రాని ఆవిడ పక్కనున్న పిల్ల చేత రాయించుకుంటుంది. కొంగు ముడిలోంచి తీసిన నోట్లు చెమటకు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి. ఆరాధన చివర మైకులో పేర్లూ అంకెలూ చదువుతారు. ఇవ్వనివాళ్ల పేరు చదవరు. చదవకపోవడమే శిక్ష.

ఆ పదో వచనం నుంచి అయిదు వచనాలు వెనక్కి పోండి. కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్ల మీద, విధవరాళ్లనూ తండ్రి లేని పిల్లలనూ పరదేశులనూ అణిచేవాళ్ల మీద నేనే సాక్షిగా నిలబడతానని దేవుడు చెబుతున్నాడు. ఇంకా వెనక్కి, రెండో అధ్యాయం మొదట్లో, ఎవరిని పిలిచి శపిస్తున్నాడు? యాజకుల్ని! పదో వచనం కవరెక్కింది. అయిదో వచనం ఏ కవరు మీదా అచ్చు కాలేదు. కూలి ఎగ్గొట్టిన పెద్దమనిషి సభకు టెంటూ మైకూ ఇప్పించి ముందు కుర్చీలో కూర్చుంటే, ఆ వచనం ఎత్తే గుండె ఎంతమందికి ఉంది?

దొర గుమ్మానికి అంటించాల్సిన కోర్టు నోటీసును పాలేరు గుడిసెకు అంటించడమే ఇది. అక్షరం మార్చలేదు. చిరునామా మార్చారు. బోధకుల మోసమంతా ఈ ఒక్క పనిలో ఉంది.

అధికారులకు లోబడమని పౌలు రోమా సంఘానికి రాశాడంటారు. రాశాడు. ఆ పౌలే దమస్కులో అధిపతి పట్టుకోబోతే గంపలో కూర్చుని గోడ దిగి తప్పించుకున్నాడు. ఎన్నోసార్లు చెరసాలకు పోయాడు. మంచివాళ్లను కాపాడి చెడ్డవాళ్లను శిక్షించడం అధికారి పని అని అదే అధ్యాయంలో రాశాడు. ఆ సగం మనకు వినిపించరు. ఓట్లొచ్చినప్పుడల్లా కండువా కప్పుకున్న నాయకుణ్ణి బలిపీఠం దగ్గర నిలబెట్టి తల మీద చెయ్యేసి ప్రార్థించే అయ్యగార్లారా, బాప్తిస్మమిచ్చే యోహాను హేరోదు తల మీద చెయ్యి వెయ్యలేదు. నువ్వు చేసింది తప్పని చెప్పాడు. తల పోగొట్టుకున్నాడు. మీకు శాలువా వస్తోంది.

అసలు ఈ గడ్డ మీద మనవాళ్ల విశ్వాసం ఎలా మొదలైందో గుర్తుందా? 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక వచ్చినవాళ్లకు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈ మూడూ పాటించాలంటే ఊరి పెద్దను ఎదిరించక తప్పదు. ఆదివారం పొలానికి రాము. జాతరలో డప్పు కొట్టం. కోపమొచ్చిన ఊళ్లు పని మానిపించాయి, నీళ్లు బంద్ చేశాయి, కొట్టించాయి. వాళ్లు వెనక్కి తగ్గలేదు. మా ముత్తాతలు దేవుడికి చూపించిన మొట్టమొదటి విధేయత, దొరకు చెప్పిన "రాము" అనే మాట. ఇటు అప్పటి కృష్ణా జిల్లాలో రాఘవాపురం మాల పెద్ద పాగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం తీసుకున్నదీ ఎవరో గదమాయిస్తే కాదు. నిజమైన దేవుడు ఎవరని తనంతట తాను వెతుక్కుంటూ వెళ్లి తీసుకున్నాడు. అడిగినవాళ్ల సంతానం మనం. అడగడమే పాపమని మనకు నూరిపోస్తున్నారు.

మిషనరీలందరూ మహాత్ములని నేను అనను. 1843లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ బడి తెరిచాడు. ఆ తలుపు మాల మాదిగ పిల్లలకు మూసే ఉంచాడు. కులానికి లోబడితేనే పై కులాల పిల్లలు వస్తారని లెక్క వేసుకున్నాడు. ఒంగోలులో క్లౌకూ అదే పరీక్ష ఎదురైంది: మాదిగల్ని చేర్చుకుంటే మేం రామన్నారు బ్రాహ్మణ కుర్రాళ్లు. ఆయన మాదిగల్నే చేర్చుకున్నాడు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే బైబిలు. ఒకాయన ఊరి కట్టుబాటుకు లోబడ్డాడు, ఇంకొకాయన పుస్తకానికి లోబడ్డాడు.

ఈరోజు మనం ఎవరి వారసులం? మాల మందిరం, మాదిగ మందిరం, కమ్మవారికి వేరే ప్రార్థన! అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, యెరూషలేము నుంచి మనుషులు రాగానే పంక్తిలోంచి లేచిపోతే, పౌలు అందరి ముందూ అతన్ని నిలదీశాడు. గలతీ పత్రిక రెండో అధ్యాయం. పేతురు అపొస్తలుల్లో పెద్ద. అయినా పంక్తిభేదం చూపించినందుకు చివాట్లు తప్పలేదు. సంఘ పెద్దకు ఎదురు చెప్పడం తిరుగుబాటు అయితే ఆ పత్రికను బైబిల్లోంచి చింపెయ్యండి. చింపే ధైర్యం లేదా? అయితే ఒకే బల్ల దగ్గర కూర్చోండి.

ఆడవాళ్ల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం రాయడం దండగ. ఒక మందిరం అరుగు మీద కూర్చుని నా చెవులతో విన్నాను. పెదవి చిట్లి, కొంగు అడ్డం పెట్టుకుని వచ్చిందొకామె. అమ్మగారు తల మీద చెయ్యేసి ప్రార్థించి, "లోబడి ఉండమ్మా, నీ సాక్ష్యం చూసి మారతాడు" అని పంపేసింది. ఎవరి దగ్గరకు పంపింది? కొట్టినవాడి దగ్గరకే. ఎఫెసీ పత్రిక అయిదో అధ్యాయంలో 22వ వచనం చదివి పుస్తకం మూసేస్తారు. దాని పైన 21 ఉంది: ఒకరికొకరు లోబడాలి. దాని కింద 25 ఉంది: క్రీస్తు సంఘం కోసం ప్రాణం ఇచ్చినట్టు మొగుడు భార్యను ప్రేమించాలి. ప్రాణం ఇవ్వాల్సినవాడు ప్రాణం తీస్తుంటే లోబడమనే నోరు ఎవరి నోరు? నాబాలు భార్య అబీగయీలు మొగుడికి చెప్పకుండా గాడిదల మీద రొట్టెలూ ద్రాక్షారసమూ వేసుకుని, పగతో వస్తున్న దావీదుకు ఎదురెళ్లి ఇంటిల్లిపాదినీ కాపాడింది. ఆమెను బైబిలు బుద్ధిమంతురాలు అంది. ఏ స్త్రీల కూడికలో ఆమె గురించి గంట ప్రసంగం విన్నారు?

ఇంకో ఘోరం ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి వేలమందిని మింగింది. అది అవిధేయతకు శిక్ష అని చెప్పిన నోళ్లు ఉన్నాయి. గుడిసెల్లో ఉన్నవాళ్లు కొట్టుకుపోయారు, మిద్దె ఎక్కగలిగినవాళ్లు బతికారు. అంటే దేవుడికి మిద్దెలవాళ్లే విధేయులా? సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్ల కన్నా పాపులు కారని యేసు తేల్చి చెప్పాడు. శవాల మీద నిలబడి వాక్యం చెప్పేవాడు యేసుకే ఎదురు చెబుతున్నాడు.

1985 జులైలో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర జరిగింది తలుచుకోండి. తాగే నీళ్లలో గేదెల కుడితి బకెట్లు కడుగుతున్నారని అడిగిన మాదిగ కుర్రాడి మీద చెయ్యి లేస్తే, అడ్డంగా తన బిందె ఎత్తింది ఒక ఆడమనిషి. ఆమె పేరు మున్నంగి సువార్త. మర్నాడు, జులై 17న, ఊరు మాదిగపల్లె మీద పడింది. ఆరుగురిని చంపారు. బిందె ఎత్తిన సువార్త విధేయురాలా, అవిధేయురాలా? మగపిల్లల్ని చంపమన్న ఫరో మాట వినని హెబ్రీ మంత్రసానులు షిఫ్రా, పూయాలకు దేవుడు మేలు చేశాడని నిర్గమకాండం చెబుతోంది. సువార్త తప్పు చేసిందనేవాడు ఆ మంత్రసానులదీ తప్పని ముందు చెప్పాలి.

అయితే విధేయత అక్కర్లేదా అని అడుగుతారు. కావాలి. మీరు చెబుతున్నదాని కన్నా వందరెట్లు కష్టమైన విధేయత కావాలి. ఇద్దరు కొడుకుల కథ యేసు చెప్పాడు. ద్రాక్షతోటకు పోనన్నవాడు పోయాడు, పోతానన్నవాడు పోలేదు. తండ్రి ఇష్టం చేసింది పోనన్నవాడే. మీ సభల్లో పదివేల గొంతుల ఆమెన్ విధేయత కాదు. బకాయి పడ్డ కూలి చేతిలో పెట్టడం విధేయత. పంక్తిలో కలిసి కూర్చోవడం విధేయత. సంఘం డబ్బుకు లెక్క చూపించడం విధేయత. నాయకుల మాట వినమనే హెబ్రీ పత్రిక వచనంలోనే ఆ నాయకులు లెక్క ఒప్పజెప్పాల్సినవాళ్లని రాసి ఉంది. అన్నిటికన్నా పెద్ద విధేయుడు సిలువ మీద చనిపోయాడు. ఆయన పైనుంచి కిందికి దిగాడు, శిష్యుల కాళ్లు కడిగాడు. కాళ్లు కడిగించుకునేవాళ్లు ఆయన పేరు చెప్పుకోవడం మానండి.

చదువుతున్న మీకో మాట. వచ్చే ఆదివారం విధేయత మీద వాక్యం వస్తే లేచి నిలబడండి. అయ్యగారూ, ఈ మాట ఎవరితో అన్నది? సంఘం లెక్క పుస్తకం ఎక్కడుంది? మాలపల్లి, మాదిగపల్లి ఒక్క బల్ల దగ్గర ఎప్పుడు కూర్చుంటాయి? దెబ్బలు తిన్న ఆడమనిషి పక్కన నిలబడేది ఎవరు? మర్యాదగానే అడగండి, కానీ అందరికీ వినబడేలా అడగండి. తిరుగుబాటుదారు అంటారు, దయ్యం పట్టిందంటారు. యేసునూ అలాగే అన్నారు. ఈ నాలుగింటికీ జవాబు చెప్పగలిగిన కాపరి దొరికితే ఆయన మాట వినండి, అందులో సిగ్గు లేదు. చెప్పలేనివాడికి మీరు బాకీ ఉన్నది ప్రార్థన ఒక్కటే. విధేయత బాకీ లేరు.