సస్పెన్షన్లతో ఆస్పత్రి బాగుపడదు

ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో 2022 ఆగస్టు 25న ఒక్క రోజే 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. రోజుల వ్యవధిలో నలుగురు ప్రాణాలు వదిలారు. మిగతావారిని హుటాహుటిన హైదరాబాద్ ఆస్పత్రులకు తరలించారు. ఆ తర్వాత జరిగింది మనకు కంఠతా వచ్చిన తంతే. రోడ్డు మీద బైఠాయింపు, ఎక్స్‌గ్రేషియా, విచారణ కమిటీ, సస్పెన్షన్, బదిలీలు. 2014లో బిలాస్‌పూర్ కుటుంబ నియంత్రణ శిబిరాల్లో 13 మంది మహిళలు బలయ్యాక, ఇలాంటి సామూహిక శిబిరాలకు మూడేళ్లలోగా స్వస్తి చెప్పాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించిన సంగతి ఆ హడావుడిలో ఎవరికీ పట్టలేదు.

నిబంధనలు లేక ఈ చావులు జరగడం లేదు. ఒక బృందం రోజుకు 30కి మించి లాప్రోస్కోపిక్ ఆపరేషన్లు చేయకూడదు, అందుకూ మూడు పరికరాలు ఉండాలి అని కేంద్రం ఏనాడో నిర్దేశించింది. ఒకరికి వాడిన పరికరాన్ని క్రిమిసంహారక ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టాకే మరొకరికి వాడాలి. మూడు పరికరాలే ఉన్నాయనుకుంటే, 34 మంది, ఒక్క రోజు. ఈ లెక్క చూస్తే తొందర ఎక్కడ పుడుతుందో ఎవరికైనా తెలుస్తుంది. ముప్పై దాటాక ‘ఇక చాలు, మిగిలినవాళ్లను రేపు రమ్మనండి’ అనే అధికారం ఆ థియేటర్లో ఎవరికి ఉంది? సర్జన్‌కు లక్ష్యాల ఒత్తిడి. మెడికల్ ఆఫీసర్‌కు పైనుంచి ఫోన్లు. పరికరం ఇంకా ద్రావణంలోనే ఉందని చూస్తున్న స్టాఫ్ నర్సుకు నోరెత్తే ధైర్యం ఉండదు, ఎత్తినా వినే దిక్కుండదు. ‘ఆపండి’ అని చెప్పడమే ఉద్యోగంగా ఉన్న మనిషి మన ఆస్పత్రుల్లో లేడు. ఆ మనిషిని నియమించి, అతని మాటకు చట్టబద్ధమైన బలం ఇవ్వనంత కాలం ఎన్ని కమిటీలు వేసినా దండగే.

హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆస్పత్రి ఉదంతం గుర్తు చేసుకోండి. 2016 జూన్ 30న 13 మందికి శుక్లాల ఆపరేషన్లు చేస్తే పలువురికి కళ్లు ఇన్ఫెక్షన్‌తో చెడిపోయాయి. కంటిని కడిగేందుకు వాడిన ద్రావణంలోనే క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా ఉన్నట్టు తేలింది. ఆ సీసాను కొన్నది ఒకరు, స్టోర్‌లో దాచింది ఇంకొకరు, పరీక్షించాల్సింది వేరొకరు, కంట్లో పోసింది మరొకరు. తప్పు తన దగ్గర లేదని నలుగురూ వేలు చూపించగల ఏర్పాటు ఇది. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ పీడనం పడిపోయి 11 మంది కొవిడ్ రోగులు చనిపోయారు. ట్యాంకర్ దారిలో ఆలస్యమైంది. ట్యాంకులో మట్టం తగ్గుతోందంటే, అది సరఫరాదారు, ఇంజినీరు, వార్డు డాక్టరు, సూపరింటెండెంట్ నలుగురికీ ఒకేసారి తెలియాలి. ఎవరి రిజిస్టరు వారిదే అయినచోట అది సాధ్యపడదు.

సర్కారు దవాఖానాలనే అనడం అన్యాయం. పెద్ద కార్పొరేట్ ఆస్పత్రుల్లో రెండు గదులు ఉంటాయి. ఒకటి నాణ్యతా విభాగం. ఆస్పత్రులకు నాణ్యతా గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ తనిఖీ వస్తోందంటే నెల ముందు నుంచి అక్కడ ఫైళ్లకు కొత్త అట్టలు పడతాయి. రెండోది మెడికో లీగల్ విభాగం. రోగి చనిపోయి బంధువులు గొడవకు దిగితే లాయరు, బీమా కంపెనీ ప్రతినిధి, బిల్లు మాఫీ బేరం అన్నీ అక్కడే. ఏ వార్డులో ఏ మందు తారుమారైందో, ఏ సర్జన్ మీద ఫిర్యాదులు పేరుకుంటున్నాయో ఈ రెండో గదికి బాగా తెలుసు. ఆ సమాచారం మొదటి గదికి చేరదు. చేరితే సాక్ష్యమవుతుందన్న భయం! ఆస్పత్రికి వచ్చే నష్టాన్ని తగ్గించుకోవడం ఒకరి పని, రోగికి నష్టం జరగకుండా చూడటం ఇంకొకరి పని అనుకున్నంత కాలం, నిన్న ఒక రోగికి సెటిల్‌మెంట్ చేసిన పొరపాటే రేపు పక్క బెడ్డు మీద జరుగుతుంది.

మన న్యాయ ప్రక్రియ కూడా ఈ రెండు గదుల మధ్య గోడను బద్దలు కొట్టలేకపోయింది. డాక్టర్ల నిర్లక్ష్యం మీద ఏ కేసు వచ్చినా ఉటంకించే జాకబ్ మాథ్యూ తీర్పుకు మూలం ఒక ఖాళీ సిలిండర్. 1995లో లూధియానాలోని ఒక ఆస్పత్రిలో ఊపిరాడక గిలగిల్లాడుతున్న వృద్ధుడికి తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్లో ఆక్సిజన్ లేదు. ఇద్దరు డాక్టర్ల మీద క్రిమినల్ కేసు పదేళ్లు నడిచింది. సిలిండర్ లేకపోయినా, ఖాళీగా ఉన్నా అది డాక్టర్ల నేరం కాదని, ఆస్పత్రికి సివిల్ బాధ్యత ఉండొచ్చని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు న్యాయమైనదే. సిలిండర్ నిండుగా ఉందో లేదో రోజూ చూడాల్సింది ఎవరన్నది మాత్రం క్రిమినల్ కోర్టు తేల్చే ప్రశ్న కాదు. తేల్చాల్సింది ఆస్పత్రి.

ఆస్పత్రులపై దాడులను అరికట్టడానికి ఉమ్మడి రాష్ట్రం 2008లో ప్రత్యేక చట్టం చేసింది. మంచి పనే, డాక్టర్‌ను కొట్టడాన్ని ఎవరూ సమర్థించరు. అయితే లోపల ఏం జరిగిందో నిజం చెప్పే బాధ్యతను ఆస్పత్రి మీద అంతే గట్టిగా పెట్టారా? అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతుంది. జరిగిన పొరపాటును కేస్ షీట్‌లో రాయనే రాయకపోతే ఆ నకలు దేనికి పనికొస్తుంది? నిజం తెలియని చోటనే అనుమానం పెరిగి అద్దాలు పగులుతున్నాయి.

కాబట్టి రెండు తెలుగు ప్రభుత్వాలూ చేయాల్సింది స్పష్టం. వంద పడకలు దాటిన ప్రతి ఆస్పత్రిలో, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, రోగి భద్రతకు ఒక పూర్తికాలపు అధికారి ఉండాలి. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు, ఫార్మసిస్టు, బయోమెడికల్ ఇంజినీరు, ఫైర్ సేఫ్టీ సిబ్బంది, మెడికో లీగల్ విభాగం వారానికోసారి ఆయన టేబుల్ ముందు కూర్చోవాలి. ప్రాణం పోయిన కేసులతోపాటు, త్రుటిలో తప్పిన ప్రమాదాలూ అక్కడికి రావాలి. థియేటర్ మూయించే అధికారం, అనుమానం ఉన్న బ్యాచ్ మందును వార్డుల నుంచి వెనక్కి తెప్పించే అధికారం ఆయన సంతకానికి ఉండాలి. పొరపాటును స్వయంగా చెప్పిన నర్సు మీద ఆ నివేదికనే ఆయుధంగా వాడకుండా చట్టం కాపాడాలి. దాచినవారిని మాత్రం వదలకూడదు. కుటుంబానికి వారంలోగా రాతపూర్వకంగా వివరం అందాలి.

విచారణ కూడా సొంతింటి వ్యవహారం కారాదు. రైలు ప్రమాదాలను విచారించే రైల్వే సేఫ్టీ కమిషన్ రైల్వే శాఖ కింద కాదు, పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తుంది. ఆస్పత్రిలో నలుగురు చనిపోతే ఆ ఆస్పత్రిని నడిపే శాఖే విచారణ జరుపుతోంది. రైలుకున్న పాటి స్వతంత్ర విచారణ రోగికి వద్దా?

‘మళ్లీ కాగితాల పనేనా’ అని వైద్య సంఘాలు అభ్యంతరపెట్టవచ్చు. అందులో కొంత నిజముంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన శస్త్రచికిత్స చెక్‌లిస్టు ఒక్క కాగితమే. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో దాన్ని అమలు చేసి చూస్తే ఆపరేషన్ల తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వెల్లడైంది. ఆ కాగితాన్నే ఆపరేషన్ అయ్యాక టీ తాగుతూ టిక్కులు పెట్టి ముగిస్తే ఎవరి ప్రాణమూ నిలవదు. టిక్కు పెట్టనిదే కత్తి పట్టకూడదని నిలబడే అధికారి కావాలనడం అందుకే.

ఖర్చు సాకు కూడా చెల్లదు. 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పటి నుంచి ప్రైవేటు ఆస్పత్రులకు ప్రభుత్వమే పెద్ద ఖాతాదారు. భద్రతాధికారి లేని ఆస్పత్రికి, ప్రమాదాల నివేదికలు ఇవ్వని ఆస్పత్రికి ఎంప్యానెల్‌మెంట్ రద్దంటే యాజమాన్యాలు నెలలో దారికొస్తాయి. సర్కారు ఆస్పత్రుల్లో జీవోతోనే మొదలుపెట్టవచ్చు, చట్టం రాబోయే శాసనసభ సమావేశాల్లో తేవచ్చు. ఈలోగా ఇబ్రహీంపట్నం, రుయా, సరోజినీదేవి ఘటనల విచారణల్లో తేలిన లోపాలన్నిటినీ పూర్తి పాఠంతో తెలుగులో అచ్చువేసి రెండు రాష్ట్రాల్లోని ప్రతి ఆపరేషన్ థియేటర్‌కూ, ప్రతి మందుల స్టోర్‌కూ పంపాలి.