అనంతపురము తన పాటను తాను వినవలదా?

అనంతపురమున పాటకు కొదువ లేదు. వినాయకచవితి పందిళ్లలో, పెండ్లిమండపములలో, కళాశాలల వార్షికోత్సవములలో, రాజకీయసభలకు ముందు, ఎల్లెడలను మైకులు మ్రోగుచునే యున్నవి. కాని యట్లు మ్రోగెడి పాటలలో ఈ యూరివారు వ్రాసి, ఈ యూరివారు బాణీ గట్టి, ఈ యూరివారు పాడినది యేది యని ప్రశ్నించినచో జవాబు చెప్పుటకు తడబడవలసి యుండును. చలనచిత్రముల పాటలను వాద్యబృందములు యథాతథముగ అనుకరించుటయే మన పట్టణమున సంగీతకచేరి యనిపించుకొనుచున్నది. ఈ స్థితి మారవలెననియు, అందులకు పట్టణములోని పెద్దలును పల్లెలలోని భూస్వాములును పూనుకొనవలెననియు మేము నేడు విన్నవింపదలచితిమి.

సినిమాతో నిమిత్తము లేక, పెద్ద సంస్థల ప్రాపకమును లేక, కొందఱు యువతీయువకులు జట్టుగ గూడి, తమ సాహిత్యమును తామే వ్రాసికొని, గిటారు, డ్రమ్ములు మున్నగు వాద్యములపై తామే స్వరపఱచి, శ్రోతల యెదుట పాడెడి సంగీతమునకు నేటి లోకము ఇండీ పాప్ అనియు, ఇండీ రాక్ అనియు పేరిడినది. పేరు క్రొత్తదే గాని వస్తువు మనకు మిక్కిలి క్రొత్తది గాదు. 1940ల నాటినుండియు సినిమాకు వెలుపల గ్రామఫోనుమీదను రేడియోలోను వినవచ్చిన లలితగీతములు తెలుగువారికి గలవు. బాలాంత్రపు రజనీకాంతరావుగారు (1920-2018) ఆకాశవాణిలో నుండి తామే వ్రాసి తామే స్వరపఱచిన పాటలతో ఒక తరమువారి చెవిని తీర్చిదిద్దిరి. పిదప ఆ వాహిని సన్నగిల్లి, పాట యన్న సినిమాపాటయే యన్న భావము నాటుకొనినది. ఇటీవల హైదరాబాదులో కాప్రిషియో, చౌరస్తా వంటి బృందములు పాశ్చాత్య వాద్యములతో తెలుగు పాటలు పాడి ఆ త్రోవను మరల త్రొక్కినవి. 2020లో కరోనా మహమ్మారి ప్రబలి సినిమాశాలలు మూతపడిన దినములలో, చౌరస్తావారు జనమునకు జాగ్రత్తలు చెప్పుచు పాడిన పాట ఊరూర వ్యాపించినది.

చలనచిత్రమును నిందించుట మా యుద్దేశము గాదు. 'మాయాబజారు' దర్శకులైన కె. వి. రెడ్డిగారు 1912లో మన తాడిపత్రిలో జన్మించినవారే. సినిమాపాటకు ఉండవలసిన స్థానము ఉండనే యుండును. ఒక్క సంగతి మాత్రము గుర్తింపవలెను. సినిమాపాట కథకొఱకును, నాయకునికొఱకును, దేశమంతటి విపణికొఱకును పుట్టునది. మన కళ్యాణదుర్గము రైతు బోరుబావి ఎండిన రాత్రి యేమి తలపోసెనో దానికి అవసరము లేదు. అది చెప్పవలసిన పాట వేఱుగ పుట్టవలెను. పుట్టుటకు చోటు గావలెను.

ఆ చోటు లేకపోవుటచేత కలుగుచున్న నష్టమెట్టిదో చూడుడు. 1916లో నెలకొల్పబడిన ఆర్ట్సు కళాశాల, 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము, సాంకేతిక విశ్వవిద్యాలయము, ఇన్ని విద్యాస్థానములుండగా, వీని వసతిగృహములలో గిటారు పట్టిన విద్యార్థులు అపురూపము గారు. చదువు ముగియుటయే తడవుగ వీరు బెంగుళూరు బస్సెక్కుదురు. దూరము రెండువందల కిలోమీటర్లకు కొంచెము మించును. ఉద్యోగమునకై పోవుట తప్పు గాదు. కాని తన పాటను నలుగురికి వినిపింపగోరినవాడు గూడ అక్కడికే పోవలసివచ్చుట మన లోపము. ఆ బెంగుళూరిలో రఘు దీక్షిత్ గారు పందొమ్మిదవ శతాబ్దపు కన్నడ సంతకవి శిశునాళ షరీఫుగారి తత్త్వములను గిటారు, డ్రమ్ములతో పాడి, 2008లో తమ మొదటి గీతసంపుటిని వెలువరించి, 2010లో బ్రిటిషు టెలివిజను వేదికను గూడ నెక్కిరి. కన్నడ తత్త్వమునకు రాక్ సంగీతము పొసగినపుడు, కదిరి చేరువ కటారుపల్లెలో జనులు సమాధి గొలుచుచున్న మన వేమనకు ఏల పొసగదు? పొసగించు చేతులు మన బిడ్డలకును గలవు. వినువారు లేనందున ఆ చేతులు కంప్యూటరు మీటలకే అంకితమగుచున్నవి.

ఇది సాధ్యమా యని సందేహించువారు మన పూర్వుల చరిత్రను తలచికొందురుగాక. 1882లో అనంతపురము ప్రత్యేక జిల్లా యగువఱకును ఈ ప్రాంతము బళ్లారి జిల్లాలోనిదే. ధర్మవరమున బుట్టి బళ్లారిలో వకీలుగ నుండిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు, పరభాషా నాటకసమాజములు వచ్చి మన ధనమును మన మెప్పును గైకొనిపోవుట చూచి యూరకుండక, సరసవినోదినీ సభను స్థాపించి, తామే నాటకములు రచించి, పాటలు గూర్చి, వేషము గట్టి యాడిరి. తెలుగున విషాదాంత నాటకమునకు వారే ఆద్యులు. కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమసభతో వారికి పోటీ నిలిచిరి. ఆచార్యులుగారి మేనల్లుడై 1880లో తాడిపత్రిలో జన్మించిన బళ్లారి రాఘవగారు ఆ విద్యను దేశమంతట వెలయించి 1946లో గతించిరి. ఈ మువ్వురును వకీళ్లే. నాటకము వారికి జీవనోపాధి గాదు. ఎదుట గూర్చుండి విని, మెచ్చియో తప్పుపట్టియో వారిని పెంచినవారు ఈ సీమలోని ఉద్యోగులు, వర్తకులు, భూస్వాములు. అనగా నేడు మా పత్రికను చదువుచున్నవారి తాతలే.

రెండాక్షేపణలకు సమాధానము చెప్పవలసియున్నది. ఇది పరదేశపు రొద, మన సంప్రదాయమునకు తగదని పెద్దలు కొందఱందురు. ఫిడేలు పాశ్చాత్యులదే; బాలుస్వామి దీక్షితులవారు (1786-1859) మున్నగువారు దానిని కర్ణాటక సంగీతమునకు లొంగదీసిరి. హార్మోనియమును ఐరోపానుండి వచ్చినదే. అది లేని పద్యనాటకమును నేడు మనము ఊహింపలేము. వాద్యము ఎచ్చట పుట్టినదను ప్రశ్నకన్న, దానితో ఏ మాట చెప్పబడుచున్నదను ప్రశ్న ముఖ్యము. ఇక మన చెక్కభజనలోని అడుగుల వడి, పలుకుల విఱుపు వినియున్నవారు డ్రమ్ముల జోరునకు జంకవలసిన పని లేదు. రాక్ సంగీతము గోరునట్టి లయబలము మన పల్లెలలో ముందే కలదు.

రెండవ యాక్షేపణ బరువైనది. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకు ఈడ్చు ఈ పీఠభూమిలో, బుడ్డల పంట ఒక యేడు పండి రెండేండ్లు ఎండుచుండగా, అప్పుల రైతు వలసపోవుచుండగా, పాటలకు రుసుమా యని అడుగుదురు. ఈ ప్రశ్నను మేము తేలికగ త్రోసివేయము. అయినను క్షామము వచ్చినపుడు మన పెద్దలేమి చేసిరి? వానకై విరాటపర్వము చదివించిరి. పల్లెపడుచులు కప్పను గట్టి యింటింట పాడుచు నీళ్లు పోయించిరి. కఱవు వచ్చినదని పాట మానలేదు. కఱవునే పాట గట్టిరి. నేటి కఱవునకు నేటి పాట యేది? బెంగుళూరి భవనముల పనికి పోయిన తల్లిదండ్రులకై పల్లెలో ఎదురుచూచు పిల్లవాని మాట ఏ వేదికపై వినవచ్చుచున్నది? గణాంకములు పాలకులకు లెక్క చెప్పగలవు. బాధను మాత్రము పాటయే యెఱుకపఱచును. మఱియు, చవితి పందిళ్లలో అద్దె వాద్యబృందములకు క్షామమున సైతము వేలకొలది చందాలు వసూలగుట మనమెఱుగుదుము. క్రొత్త వ్యయమును మేము కోరుట లేదు. చేయుచున్న వ్యయములో కొంత మన బిడ్డలవంక మఱల్పుడని కోరుచున్నాము.

చిన్న చోటు, తఱచైన కచేరి, నిలుకడగల శ్రోతలు, ఈ మూడును గూడిన చోటనే సంగీతము పెరిగినది. ఇంగ్లండులో లివర్పూలు రాజధాని గాదు, ఓడరేవు పట్టణము. అందొక గోదాము క్రింది నేలమాళిగలో కావెర్న్ అను క్లబ్బు ఉండెను. 1961 మొదలు 1963 వఱకు బీటిల్సు బృందమువారు అక్కడ సుమారు 290 పర్యాయములు పాడిరి. వానిలో పెక్కు మధ్యాహ్న భోజనవేళ కచేరులు. కార్యాలయములలోని చిన్న యుద్యోగులే శ్రోతలు. ప్రపంచఖ్యాతి వచ్చుటకు ముందు ఆ నేలమాళిగ వారికి పాఠశాలయైనది. మన దేశముననే షిల్లాంగు కొండపట్టణమున లూ మాజా అను గాయకుడు 1972 నుండి బాబ్ డిలన్ జన్మదినమైన మే 24వ తేదీన కచేరి జరుపుచు, ఆ యూరికి రాక్ సంగీతపు పట్టణమను పేరు దెచ్చుటలో పాలుపంచుకొనెను. ఏటికొక పెద్ద యుత్సవమునకు నక్షత్రములను రప్పించుటకన్న, నెలకొక చిన్న కచేరిని తప్పక జరుపుట మేలని వీనివలన మేము గ్రహించితిమి.

కావున మా సూచన యిది. పంట యింటికి వచ్చి, పరీక్షలు ఇంకను దూరముననుండు డిసెంబరు మొదలు మార్చి వఱకు, నెలకొక శనివారము సాయంకాలము, లలితకళాపరిషత్తు వంటి మందిరమున గాని కళాశాల సభాభవనమున గాని ఒక కచేరి నేర్పఱుపవలెను. సాయంకాలమున కిద్దఱు లేక మువ్వురు బృందములవారు పాడవలెను. పాడు పాటలలో సగమునకు తక్కువ గాకుండ వారి స్వంతవి కావలెను. ఆహ్వానపత్రములు, ఉచిత ప్రవేశములు ఉండరాదు. పెద్దమనుష్యులును టిక్కెట్టు గొనియే రావలెను. ఇన్నూరుమంది నూఱేసి రూపాయలిచ్చిన ఇరువదివేల రూపాయలగును. మందిరపుటద్దె, మైకుసెట్టు, విద్యుత్తు వ్యయములు పోను మిగిలినది బృందములకు పంచి, లెక్క యచ్చటనే చదివి వినిపింపవలెను. ప్రభుత్వపు చిక్కులును పెద్దవి గావు. సంగీతకచేరీల ప్రవేశరుసుముపై వస్తుసేవల పన్ను మినహాయింపు పరిమితిని 2018లో మనిషికి 500 రూపాయలకు పెంచిరి. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలనుబట్టి రాత్రి 10 గంటల పిదప ఆరుబయట మైకు కూడదు గనుక, తొమ్మిదిన్నరకే ముగించుట ఇరుగుపొరుగువారికిని, పల్లెలకు తిరిగి పోవలసినవారికిని హితము. స్వంత పాటలను పాడువారు ఇతరుల హక్కులకై దేవులాడవలసిన పనియు లేదు.

భూస్వాములు తమ తమ గ్రామములలో జాతర సందర్భమున ఒక్క గంట యీ బృందముల కొసంగవచ్చును. వర్తకులు మైకుసెట్టు భారము వహింపవచ్చును. ప్రతిఫలముగ వేదికపై శాలువలను, స్తుతిప్రసంగములను కోరకుందురుగాక. ఆకాశవాణి అనంతపురము కేంద్రమువారు ఈ కచేరులను ధ్వనిముద్రణ గావించి ప్రసారము చేసిన, పట్టణమునకు రాలేని శ్రోతలకును అవి అందును. పత్రికలు ప్రకటనతో సరిపెట్టక, మఱునాడు నిష్పక్షపాతమైన విమర్శను వ్రాయవలెను. ఊరివాడని పొగడుటయు, ఊరివాడని చులకన చేయుటయు రెండును అపకారములే.

యువకులకును ఒక మాట. స్వంతపాట యన్నంతమాత్రమున మంచిపాట గాదు. శ్రుతి తప్పకుండుట, తెలుగు మాట స్పష్టముగ వినిపించుట, వాద్యఘోషలో సాహిత్యము మునుగకుండుట, చెప్పిన వేళకు మొదలిడుట, ఇవి మీ వంతు. ఆంగ్లగీతముల నుచ్చారణతో సహా అనుకరించుటయు అరువు సొత్తే. మీ అవ్వలు కలుపుతీయుచు పాడిన పదములను వినుడు. మీ యూరి యాసను దాచకుడు. రాయలసీమ యాసను పరిహాసమునకును, కత్తుల కథలకును మాత్రమే వాడుకొను వేదికలు పెక్కు కలవు. దానితో ప్రేమను, దుఃఖమును, ఆలోచనను పలికించు బాధ్యత మీది.

భరతుడు నాట్యశాస్త్రమున ప్రయోగసిద్ధిని గూర్చి చెప్పుచు, ఆడువారి నేర్పుతోబాటు చూచువారి గుణములను సైతము లెక్కించెను. మంచి శ్రోత లేనిచోట మంచి కచేరి సిద్ధింపదని ఆయన యెఱుగును. పాడువారు మన యిండ్లలోనే పెరుగుచున్నారు. ఈ శీతకాలమున మొదటి కచేరికి ఇన్నూరు టిక్కెట్లు అమ్ముడుపోయినచో రెండవదానిని జరుపు ధైర్యము వారికి దానంతట అదే కలుగును. ఆ ఇన్నూరిలో ఒకటి తమ చేత నుండునట్లు మా చదువరులు చూతురని నమ్ముచున్నాము.