మట్టి మాటలు – 9: బొందలగడ్డ పక్కన క్లబ్‌హౌస్



పోయిన వారం ఒక తమ్ముడు వీడియో పంపాడు. అమెరికాలో ఒక తెలుగాయన కొత్తగా కొన్న ఇల్లు చూపిస్తున్నాడు. వర్జీనియా రాష్ట్రం, లౌడన్ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, వాషింగ్టన్ నగరానికి దగ్గర. "చుట్టూ పల్లె వాతావరణం, హిస్టారిక్ ప్లేస్, స్కూళ్లు టాప్, మనవాళ్లే ఎక్కువ" అంటాడాయన. (ఆ "మనవాళ్ల"లో మనం ఉన్నామా లేదా అన్నది వేరే చర్చ. ఇవాళ దాని జోలికి పోను.)

"హిస్టారిక్" అన్న మాట దగ్గరే నా పేచీ. ఎవరి చరిత్ర?

1860 జనగణనలో లౌడన్ జనాభా 21,774. అందులో 5,501 మంది బానిసలు. నలుగురిలో ఒకరు. ఆ పొలాలు దున్నింది, ఆ రాతి గోడలు పేర్చింది, ఇప్పుడు ఫొటోల్లో అందంగా కనిపించే ఆ బంగళాలకు చాకిరీ చేసింది వాళ్లే. 1962లో డల్లెస్ విమానాశ్రయం వచ్చింది. తర్వాత ఇంటర్నెట్ కేబుళ్లు, డేటా సెంటర్లు, సాఫ్ట్‌వేర్ కొలువులు వచ్చాయి. 1990లో 86 వేలున్న జనం 2020 నాటికి 4 లక్షల 20 వేలు దాటారు. ముప్పై ఏళ్లలో దాదాపు ఐదింతలు.

అక్కడ యాష్‌బర్న్‌లో బెల్మాంట్ అని ఒక ఎస్టేట్ ఉంది. దొర పేరు లుడ్‌వెల్ లీ. ఈయన తండ్రి రిచర్డ్ హెన్రీ లీ. మనుషులంతా సమానమని రాసుకున్న అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినాయన. కొడుకు బంగళా చుట్టూ బానిసలు! ఇవాళ ఆ ఎస్టేట్‌లో గోల్ఫ్ మైదానం, గేటు వేసిన కాలనీ ఉన్నాయి. దొర బంగళాయే క్లబ్‌హౌస్. పెళ్లిళ్లు, పార్టీలు అందులోనే.

మరి బానిసలు ఎక్కడ? రోడ్డు పక్క చెట్లల్లో. పేర్లు లేని రాళ్ల కింద నలభైకి పైగా సమాధులు. 2015లో పాస్టర్ మిషెల్ థామస్ అనే నల్లజాతి మహిళ వెతుక్కుంటూ పోయి పట్టుకునేదాకా లోకానికి అవి కనబడలేదు. పక్కనే ఫ్లైఓవర్ పనులు, చుట్టూ ఇళ్లు. ఆమె కొట్లాడింది. ఆ జాగా ఆమె నడిపే సంస్థ చేతికి వచ్చింది. 2020లో తన పదహారేళ్ల కొడుకు నీళ్లలో మునిగి చనిపోతే, ఆ తల్లి బిడ్డను అక్కడే, ఆ పేరులేని పెద్దల పక్కనే మట్టిలో పెట్టింది.

బంగళాకు రంగులేసి కాపాడారు. బొందల్ని ఒక తల్లి కాపాడుకోవాల్సి వచ్చింది. "చారిత్రక పల్లె సీమ" అంటే నాకు అర్థమైంది ఇదీ.

స్కూళ్లు టాప్ అన్నాడు కదా, అదీ చూద్దాం. అదే జిల్లాలో నల్లపిల్లలకు సరైన హైస్కూల్ లేకపోతే, తల్లిదండ్రులే చందాలు వేసుకుని 4,000 డాలర్లకు జాగా కొన్నారు. దాన్ని ఒక్క డాలరుకు సర్కారుకు రాసిచ్చి, బడి కట్టమని వెంటపడ్డారు. అట్లా 1941లో లీస్‌బర్గ్‌లో డగ్లస్ హైస్కూల్ తెరిచారు. తెల్లపిల్లలు, నల్లపిల్లలు పూర్తిగా ఒకే బడిలో కూర్చున్నది 1968లో. సర్కారు క్షమాపణ చెప్పింది 2020లో. మనవాళ్లు రేటింగ్ చూసి ఇల్లు కొనే స్కూళ్ల పునాది ఆ చందా డబ్బుల్లో కూడా ఉంది.

అక్కడ ఇల్లు కొన్న ప్రతి తెలుగు ఉద్యోగీ దోషి అని నేననడం లేదు. మన పిల్లలూ పోతున్నారు, పోవాలి. కానీ 1965లో అమెరికా మనకు తలుపు తెరిచిన వలస చట్టం, నల్లజాతి పౌరహక్కుల పోరాటం తెచ్చిన గాలిలోనే వచ్చింది. ఆ తలుపులోంచి లోపలికి పోయి, దొర బంగళాలో సెల్ఫీ దిగి, బొందల వైపు చూడకపోవడం అజ్ఞానం కాదు, అలవాటు. ఊరిలో నేర్చుకుపోయిన అలవాటు.

"అయితే ఇళ్లు కట్టొద్దా? పల్లెను పల్లెగానే ఉంచాలా?" అని అడుగుతారు. ఉంచే పద్ధతి కూడా చూడండి. లౌడన్ పడమటి సగంలో గుర్రాల ఎస్టేట్లున్నాయి. అక్కడ చాలా భాగంలో ఇరవై ఎకరాలకో, నలభై ఎకరాలకో ఒక ఇల్లన్నది మూల లెక్క. పేరు పల్లె రక్షణ. అన్ని ఎకరాలు కొనగలిగేది ఎవరు? తూర్పున బిల్డర్ గెలిచాడు, పడమట దొర గెలిచాడు. అదే పడమటి వైపు సెయింట్ లూయిస్ అనే పాత నల్లజాతి పల్లె ఉంది. కొత్త కాలనీ పడితే తమ బావులు ఎండిపోతాయని ఆ ఊరివాళ్లు అడ్డం తిరగాల్సి వచ్చింది. కట్టినా కట్టకపోయినా నష్టం ఒకరికే అవుతుంటే, గొడవ ఇళ్ల గురించి కాదు, నేల మీద మాట ఎవరిదన్న దాని గురించి.

ఇప్పుడు ఇంటికొద్దాం. హైదరాబాద్ చుట్టూ ఏం జరుగుతోంది? 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. మన తాతలకిచ్చిన లావణి పట్టా భూములు అమ్మినా చెల్లవని 1977 చట్టం చెబుతుంది. చెల్లనివి కాబట్టే వాటిని చవగ్గా కొట్టేస్తారు, తర్వాత చెల్లేట్టు చేసుకుంటారు. వెంచర్ బ్రోచర్లో మాత్రం పాత గడి బొమ్మ వేసి "వారసత్వ వైభవం" అని రాస్తారు. వెట్టి చేసి గడి కట్టినవాళ్ల వాడ ఆ మ్యాపులో తెల్ల కాగితం.

మా వాడ బొందలగడ్డ పక్కన కూడా వెంచర్ పడింది. మా నాయనమ్మను పెట్టినచోట గుర్తుగా నాటిన వేపచెట్టు ఇప్పుడు రేకుల గోడకు అవతల ఉంది. నాన్న గోడ దాకా పోయి, ఇవతలే కొబ్బరికాయ కొట్టి వస్తున్నాడు.

విద్యార్థి మిత్రులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక పని చేయండి. మీ బొందలగడ్డ సర్వే నంబరు కనుక్కోండి, పాత పహాణీ నకలు తీయండి, ప్రతి బొందకూ ఫొటో తీసి, ముసలివాళ్లనడిగి పేర్లు రాయండి. యాష్‌బర్న్‌లో ఆ రాళ్ల మీద పేర్లు లేవు. మన దగ్గర పేర్లు చెప్పేవాళ్లు ఇంకా బతికున్నారు.

మా బొందలగడ్డ గురించి నేను పెట్టిన ఆర్టీఐకి జవాబు ఇంకా రాలేదు. వస్తే పదో భాగంలో పెడతాను.

జై భీమ్.