ఎడమకాలి ఆట

ఈ ఏడాది హౌస్ జట్ల ఎంపిక రోజున మైదానం గట్టు మీద ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి కూర్చుని ఉన్నాడు. ఆట బాగా వచ్చినవాడే. "పేరు ఇవ్వలేదేం నాన్నా?" అని అడిగాం. "ఎందుకు మేడమ్? మార్చిలో మా నాన్నకి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వస్తుంది. జట్టు కుదురుకునేసరికి నేను ఇక్కడ ఉండను" అన్నాడు. ఏడుస్తూ అనలేదు, కోపంగానూ అనలేదు. రైలు టైము చెప్పినట్టు చెప్పాడు.

మాకు వెంటనే జవాబు రాలేదు. ఎందుకంటే ఆ మాట ఒకప్పుడు మేమే ఒక పిల్లతో అన్నాం.

అప్పుడు వేరే ఊళ్ళో ఉన్నాం. పోటీలకు వెళ్ళే అమ్మాయిల జట్టు పేర్లు రాసే పని మా మీద పడింది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె చక్కగా ఆడేది. వాళ్ళ నాన్నగారికి బదిలీ అని స్టాఫ్ రూమ్‌లో ఎవరో అనుకుంటుంటే విన్నాం. "నువ్వెలాగూ వెళ్ళిపోతావు కదమ్మా, ఇక్కడ ఉండేవాళ్ళకి అవకాశం ఇద్దాం" అని ఆ పేరు కొట్టేశాం. ఆ బదిలీ ఆ ఏడాది రానే లేదు. ఏడాదంతా ఆ పిల్ల సాయంత్రాలు గీత బయట కూర్చుని, ఆడేవాళ్ళ నీళ్ళ సీసాలకు కాపలా కాసింది. మరుసటి ఏడు వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తరవాత మాకూ బదిలీ అయింది. తప్పు ఒప్పుకుందామన్నా ఆ పిల్ల మళ్ళీ కనిపించలేదు.

అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. వెళ్ళిపోయే పిల్లలకు జట్టులో చోటు దండగ అనే ఆలోచన తప్పు. ఆ తప్పు పెద్దవాళ్ళు చేసినా తప్పే, పిల్లలు తమకు తాము చేసుకున్నా తప్పే. ఈ మాట మేం ఊరికే అనడం లేదు. దీనికి సాక్ష్యం మన తెలుగు నేల మీదే ఉంది. అది హైదరాబాద్ ఫుట్‌బాల్ కథ.

2024లో వచ్చిన 'మైదాన్' సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. అజయ్ దేవగన్ వేసిన ఆ కోచ్ పాత్ర నిజంగా ఉన్న మనిషిదే. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో పుట్టారు. హైదరాబాద్ వారు, ఉస్మానియాలో చదువుకున్నారు. కోచ్‌గా పేరు రాకముందు ఆయన బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పిల్లలకు పాఠాలు చెప్పారు. అందరూ ఆయన్ని రహీమ్ సాబ్ అనేవారు.

ఆయన చేతికింద హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చింది. ఇక హైదరాబాద్ సంగతి చూడండి. 1948 దాకా అది నిజాం ఏలుబడిలో ఉన్న రాజ్యం. తరవాత భారతదేశంలో ఒక రాష్ట్రం. 1956 నవంబరు 1న ఆ రాష్ట్రమూ లేకుండా పోయి, మూడు రాష్ట్రాల్లో కలిసిపోయింది. అయినా 1957-58 సంతోష్ ట్రోఫీలో 'హైదరాబాద్' పేరుతోనే ఆడి, అంతకుముందు ఏడు గెలిచిన కప్పును మళ్ళీ నిలబెట్టుకున్నారు. పటం మీద రాష్ట్రం లేదు, మైదానంలో జట్టు ఉంది. చిన్నప్పటి నుంచి ఊళ్ళు మారుతూ వస్తున్న మీకు ఈ సంగతి వేరేవాళ్ళకన్నా బాగా అర్థమవుతుందని మా నమ్మకం.

రహీమ్ సాబ్ ఎలా నేర్పేవారు? మాకు నచ్చినవి రెండు పద్ధతులు. మొదటిది, డ్రిబ్లింగ్ చెయ్యకూడని పోటీలు. బంతి కాలికి రాగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఎంత గొప్ప ఆటగాడైనా బంతిని తన దగ్గర అట్టిపెట్టుకోవడానికి వీల్లేదు. రెండోది, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు. కుడికాలి వాటం ఉన్నవాళ్ళు ఎడమకాలితోనే తన్నాలి, ఎడమకాలి వాళ్ళు కుడికాలితో. మొదట్లో బంతి ఎటో పోతుంది, చూసేవాళ్ళు నవ్వుతారు. కొన్నాళ్ళకు ఆ కాలికీ బలం వస్తుంది. అప్పుడిక అవతలి జట్టువాళ్ళు ఎటు అడ్డు పడాలో తెలియక తికమకపడతారు.

ఆ బడిలో తయారైనవాళ్ళను చూడండి. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళారు. ఆ జట్టు ఆస్ట్రేలియాను వాళ్ళ దేశంలోనే 4-2తో ఓడించి, సెమీఫైనల్ ఆడి, నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకన్నా పైకి ఇప్పటికీ వెళ్ళలేదు.

బలరామ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో, ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టారు. సాధనకు రావడానికి డబ్బుల్లేవంటే రహీమ్ సాబ్ అద్దె సైకిల్‌కు డబ్బు ఇచ్చి రప్పించుకున్నారు. 1957లో బలరామ్ కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962లో అర్జున అవార్డు అందుకున్నారు. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలోనే కన్నుమూశారు. ఇంతకీ ఆయనది ఏ ఊరు? పుట్టిన అమ్ముగూడా? అమ్మానాన్నల తమిళ ఊరా? జీవితం గడిపిన బెంగాలా? మూడు చోట్లవాళ్ళూ "మావాడే" అనుకోవచ్చు, ఎవరికీ తగువు లేదు.

గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా హైదరాబాద్‌లో పుట్టినవారే. సైన్యంలో చేరి సర్వీసెస్ జట్టుకు ఆడారు, తరవాత కలకత్తా క్లబ్బులకు ఆడారు, చివరికి ఉక్కు నగరం బొకారోలో కన్నుమూశారు. మీలో సీఆర్‌పీఎఫ్ క్యాంపుల పిల్లలకు, బైలడీలా ఇనుప గనుల పిల్లలకు ఇలాంటి ప్రయాణం కొత్తేమీ కాదు. ఆ తరవాతి తరంలో మహమ్మద్ హబీబ్ హైదరాబాద్ నుంచి వెళ్ళి కోల్‌కతాలో 'బడే మియా' అయ్యారు. 1977లో పేలే ఆడిన కాస్మోస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌కు వస్తే, మోహన్ బగాన్ తరఫున వాళ్ళ మీద గోల్ కొట్టారు.

"జట్టంటే ఏళ్ళ తరబడి కలిసి ఆడాలి. మధ్యలో పోయేవాళ్ళకు నేర్పితే శ్రమ వృథా కదా" అని మా తోటి ఉపాధ్యాయులు కొందరు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. రోజూ కలిసి ఆడినవాళ్ళకు ఒకరి అడుగు ఒకరికి తెలుస్తుంది. ఆ కుదురు బదిలీల బడిలో రావడం కష్టమే. కానీ శ్రమ వృథా అన్నదాన్ని మేం ఒప్పుకోం. బలరామ్ వెళ్ళిపోయారని రహీమ్ సాబ్ ఇచ్చిన సైకిల్ అద్దె వృథా అయిందా? అక్కడ నేర్చుకున్నది కలకత్తాకు పనికొచ్చింది, తిరిగి దేశానికి పనికొచ్చింది. మనం నేర్పి పంపిన పిల్ల రేపు ఇంకో బడిలో ఆడుతుంది. ఇంకో బడిలో నేర్చుకున్న పిల్లవాడు మన బడికి వస్తాడు. లెక్క ఎక్కడికీ పోదు.

1962 ఆసియా క్రీడల సంగతి కూడా వినండి. అవి జకార్తాలో జరిగాయి. మన జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తరవాతి ఆటలో వెనక అడ్డుగోడలా నిలిచే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది. ఆ కట్టుతో వెనక ఆడించడం ప్రమాదమని రహీమ్ సాబ్ ఆయన్ని ముందుకు, ఫార్వర్డ్‌గా పంపారు. ఆయనది కాని చోటు అది. జర్నైల్ అక్కడి నుంచే సెమీఫైనల్‌లో గోల్ కొట్టారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్ళీ అదే దక్షిణ కొరియా. స్టేడియం నిండా జనం మనవాళ్ళను గేలి చేస్తున్నారు. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఇంకో గోల్. 2-1తో స్వర్ణం మనది. అప్పటికే రహీమ్ సాబ్‌కు క్యాన్సర్. తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న పోయారు. ఆ తరవాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం రాలేదు. 1970లో హైదరాబాద్ ఆటగాడు నయీముద్దీన్ నాయకత్వంలో వచ్చిన కాంస్యమే చివరి పతకం.

మనది కాని చోట నిలబడి ఆడటం మనకు రోజూ ఉండే పనే. విశాఖ నుంచి అరకు సొరంగాలు దాటుకుని, జగదల్‌పూర్ మీదుగా కిరండూల్ వచ్చే రైల్లోనే మనలో చాలామంది ఇక్కడ దిగాం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు, సంతకు వెళితే హల్బీ, గోండీ. ఒక్కో ఊళ్ళో మనకు ఒక్కో కాలు బలహీనమవుతుంది. కొందరు పిల్లలకు తెలుగే ఎడమకాలు అయిపోయింది. అమ్మమ్మకు ఉత్తరం రాయమంటే "తప్పులొస్తాయి మేడమ్" అంటారు. ఇంకొందరు పక్క బెంచీలో కూర్చునే బస్తర్ పిల్లలతో రెండు హల్బీ మాటలు కలపడానికి సిగ్గుపడతారు. సిగ్గుపడి ఆ కాలును వాడకపోతే అది ఎప్పటికీ బలపడదు. తప్పులొస్తే రానివ్వండి. రహీమ్ సాబ్ మైదానంలోనూ మొదటి రోజు బంతి ఎటో పోయింది.

ఇక్కడి పిల్లలకు ఫుట్‌బాల్ కొత్తదేమీ కాదు. మన బస్తర్‌లోని నారాయణపూర్ రామకృష్ణ మిషన్ ఆశ్రమంలో 2024లో అండర్-20 జాతీయ పోటీలే జరిగాయి. దేశం నలుమూలల జట్లూ అక్కడికి వచ్చి ఆడి వెళ్ళాయి. మనమూ మూడేళ్ళ కోసం వచ్చినవాళ్ళమే. ఆడకుండా వెళ్ళడం ఎందుకు?

మేం అడుగుతున్నవి రెండే. ఒకటి, జట్టు ఎంపికలో "మీ నాన్నగారికి ఎప్పుడు బదిలీ?" అనే ప్రశ్న ఇకమీద ఎవరూ అడగకూడదు. ఉపాధ్యాయులూ అడగకూడదు, మీలో మీరూ అడగకూడదు. రెండు, క్రీడల గదిలో ఒక రిజిస్టరు పెట్టాలి. ఈ బడికి ఆడిన ప్రతి పిల్ల, ప్రతి పిల్లవాడి పేరు, ఏ చోట ఆడారో, వెళ్ళేముందు తమ ఆటను ఎవరికి నేర్పి వెళ్ళారో అందులో రాయాలి. టీసీ ఇచ్చే రోజున ఆ పేజీ ఒకసారి చూసి సంతకం పెట్టి వెళితే, ఈ బడిలో వాళ్ళ చోటు ఉన్నట్టే.

నెలకొక శనివారం చివరి పీరియడ్‌లో ఎడమకాలి మ్యాచ్ ఆడించడానికి ప్రిన్సిపాల్‌గారు, వ్యాయామ ఉపాధ్యాయులు ఒప్పుకున్నారు. ఎడమకాలి వాటం ఉన్నవాళ్ళు కుడికాలితో ఆడాలి. అమ్మాయిలు, అబ్బాయిలు కలిసే ఆడతారు. అరుపులు, పిలుపులు ఎవరికి సరిగ్గా రాని భాషలో వాళ్ళు వెయ్యాలి. మా వంతు హల్బీ. నవ్వుకోవడానికి మీకు అనుమతి ఉంది.

గట్టు మీద కూర్చున్న ఆ అబ్బాయి పేరు మొదటి జాబితాలోనే ఉంది. మార్చి సంగతి మార్చిలో చూసుకుందాం.