అటకెక్కించిన రూపం

జర్మనీ దక్షిణాన, ఆల్ప్స్ కొండల పాదాల దగ్గర, బవేరియాలో ఒక చర్చి ఉంది. పేరు వీస్‌కిర్షె. పచ్చిక బయలు చర్చి అని అర్థం. బయటి నుంచి చూస్తే ఆర్భాటం కనిపించదు. లోపల అడుగుపెడితే మాత్రం కళ్లు చెదురుతాయి. తెలుపు, బంగారు వన్నెలు, గవ్వల్లా తీగల్లా మెలికలు తిరిగిన సున్నపు పనితనం, రంగుటద్దాలు లేని కిటికీల్లోంచి ధారాళంగా పడే వెలుగు. రొకొకో అనే 18వ శతాబ్దపు నిర్మాణ రీతికి ఇది పేరుమోసిన ఉదాహరణ. 1983లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఇంత శోభకూ మూలం ఒక అందవిహీనమైన కొయ్యబొమ్మ. 1730లో దగ్గరలోని స్టైన్‌గాడెన్ మఠంవారు గుడ్ ఫ్రైడే ఊరేగింపు కోసం కొరడా దెబ్బలు తిన్న క్రీస్తు రూపాన్ని తయారు చేశారు. కొత్తగా చెక్కించలేదు. కొయ్య ముక్కలు అతికి, గుడ్డ చుట్టి, రంగు పూశారు. ఆ గాయాలను, ఆ నెత్తుటిని జనం చూడలేకపోతున్నారని కొన్నేళ్లకే ఊరేగింపు నుంచి తప్పించారు. చివరికది ఒక సత్రం అటక మీదకు చేరింది. 1738లో మరియా లోరీ అనే రైతు స్త్రీ దాన్ని ఇంటికి తెచ్చుకుంది. జూన్ 14న దాని కళ్లలో నీళ్లు కనిపించాయన్న మాట పాకి యాత్రికులు వచ్చిపడ్డారు. వారికోసమే డొమినికుస్ జిమ్మర్‌మన్ 1745లో మొదలుపెట్టి 1754కి ఈ చర్చిని కట్టాడు. కప్పు మీది చిత్రాలు అతని అన్న యోహాన్ బాప్టిస్ట్ వేశాడు.

బొమ్మ కన్నీళ్ల సంగతి మనం నమ్మం. రెండో ఆజ్ఞ ఎరిగిన మనం ప్రతిమ ముందు మోకరించం కూడా. అయినా ఆ అటక మనల్ని వదలదు. యెషయా 53వ అధ్యాయంలో మనుషులు ముఖం తిప్పుకున్నది ఎవరి నుంచి? బొమ్మలు లేవన్న మాటే గానీ, అటకెక్కించడంలో మనం మాత్రం తక్కువా? మన సభల వాల్‌పోస్టర్ల నిండా దీవెనలు, స్వస్థతలు, అభివృద్ధి. ప్రభువు శ్రమలకు లెంటులో నలభై రోజులు, ఈస్టరు మర్నాటి నుంచి మళ్లీ అటకే. కొత్త మందిరానికి ఏ గ్రానైటు వేయాలి, ఫాల్స్ సీలింగు ఎలా ఉండాలి అని కమిటీ గంటల తరబడి కూర్చుంటుంది. (ఆ మాటకొస్తే వీస్ కప్పూ రాతిది కాదు. గుమ్మటంలా కనిపించేదంతా కొయ్య చట్రం మీద పూతే!)

1803లో బవేరియా ప్రభుత్వం మఠాలను రద్దు చేసినప్పుడు ఈ చర్చికీ చివరి రోజులు వచ్చాయని చెబుతారు. కూల్చవద్దని అడ్డుపడి కాపాడుకున్నది చుట్టుపక్కల రైతులేనని ఒక కథనం, రాతపూర్వక ఆధారాలు మాత్రం లేవు. బంగారు పూత మీద మోజుతో అలా నిలబడ్డారని మనకు అనిపించదు. దెబ్బలు తిన్నవాడు తమవాడని వారికి తెలుసు.

తలెత్తి ఆ కప్పును చూసినవారికి ఇంద్రధనుస్సు మీద కూర్చున్న క్రీస్తు కనిపిస్తాడు. ఒక చివర న్యాయసింహాసనం, దాని మీద ఎవరూ లేరు. ప్రభువు ఇంకా అక్కడ కూర్చోలేదు. రెండో చివర, సరిగ్గా బయటికి వెళ్లే వాకిలి వైపు, నిత్యత్వపు ద్వారం. అది మూసి ఉంది. ఆరాధన ముగించుకుని ఇళ్లకు మళ్లేవారు దాని కిందుగానే వెళ్లాలి.